‘వీడియో తీసేశాను’ అంటే రికార్డు చేశాననా, డిలీట్ చేశాననా?

తెనాలి మనవరాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను పుట్టి పెరిగింది చెన్నైలో. ఇంట్లో తెలుగే, కానీ బడిలో తమిళం, ఇంగ్లీషు చదువుకున్నాను. తెలుగు రాయడం పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నదే కాబట్టి తప్పులుంటే చెప్పండి.

మా అమ్మమ్మ తెనాలి దగ్గర పల్లెలో మామయ్య వాళ్ళింట్లో ఉంటుంది. ఎనభై మూడేళ్ళు. నలుగు పాటలు, బంతులాట పాటలు, అప్పగింతల పాటలు, మంగళహారతులు, ఎన్ని వచ్చో ఆమెకే తెలియదు, ఒకటి ఎత్తుకుంటే దాని వెనకాల ఇంకోటి వస్తుంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు చూశాను, గొంతు బాగా తగ్గింది, రెండు చరణాల తర్వాత ఆయాసం. తిరిగొచ్చాక మా బావకి (మామయ్య కొడుకు) రోజూ ఫోన్ చేసి, ‘బావా, ఓపిక చేసుకుని అమ్మమ్మ పాడుతుంటే వీడియో తియ్యవా’ అని బతిమాలాను. పదిహేను రోజులకి ఒక మెసేజ్ వచ్చింది: ‘వీడియో రాత్రే తీసేశాను. ఫోన్‌లో చోటు చాల్లేదు. మిగతావి ఆదివారం.’

నేను దాన్ని ఎలా చదివానంటే, రాత్రి తీసిన వీడియోని ఫోన్‌లో చోటు లేదని డిలీట్ చేసేశాడు, మళ్ళీ ఆదివారం మొదలుపెడతాడు అని. ఏడుపొచ్చింది. కోపంలో ఏదో రాశాను కూడా, అతను నొచ్చుకున్నాడు, రెండు రోజులు మాటల్లేవు. చివరికి అత్తయ్య ఫోన్ చేసి ‘అదేంటే, ఏడు పాటలు శుభ్రంగా తీశాడు కదా, ఫోన్ నిండిపోయి మిగతావి ఆగాయి’ అంటే అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు నా సందేహాలు. తీసేయడం అంటే తీయడమా, తొలగించడమా? రెండూ అయితే వినేవాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఇంకొకటి, మా ఆఫీసులో తెలుగు బాగా వచ్చిన ఒకాయన ‘వీడియో తీయడం వాడుక మాట, రాసేటప్పుడు చిత్రీకరించు అనే రాయాలి’ అన్నాడు. ఈ పాటలన్నీ ఒకచోట చేర్చి మా కుటుంబంలో అందరికీ పంపాలని ఉంది, మొదట్లో ఒక అట్టలాగా ‘పాడింది అమ్మమ్మ’ అని వేసి కింద బావ పేరు పెట్టాలి. అక్కడ ఏం రాయాలి?

కెమెరా బాబాయి

అమ్మా, ముందు బావకి ఫోన్ చేసి నాలుగు మాటలు మంచిగా మాట్లాడు, తర్వాత మిగతాది చదువుకో.

నేను 1991 నుంచి గుంటూరు, నరసరావుపేట వైపు పెళ్ళిళ్ళకి వీడియో తీస్తున్నాను. నువ్వు పడ్డ గందరగోళం మా పనిలో రోజూ ఉంటుంది. పెళ్ళి మండపంలో నేను మా కుర్రాడితో ‘జీలకర్ర బెల్లం బిట్ తీసెయ్, నేను అటు చుట్టాల్ని కవర్ చేస్తా’ అంటే రికార్డు చెయ్యమని. అదే మాట వారం తర్వాత మిక్సింగ్‌కి కూర్చున్నప్పుడు ‘ఆ బిట్ తీసెయ్’ అంటే కోసి పారెయ్యమని. మాటలో తేడా ఏం లేదు, నిలబడ్డ చోటులోనే ఉంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ముందే చెప్పేస్తాను, మండపంలో ‘తియ్యి’ అనండి, కంప్యూటర్ దగ్గర ‘కట్ చెయ్యి’ అనండి, ‘తీసెయ్’ అనే మాటే వద్దు అని. ఒకసారి మాట తేడా వచ్చి తలంబ్రాల బిట్ పోయాక పెట్టుకున్న నియమం ఇది. ఆ ఇంటివాళ్ళ ముందు నిలబడి చెప్పుకోవాల్సి వచ్చింది, ఆ రోజు నాకిప్పటికీ గుర్తే.

క్యాసెట్ల రోజుల్లో ఇంకో రకం బాధ. మూడు గంటల క్యాసెట్ అది, కొత్తది తీయడం, పాతది తీసేయడం రెండూ ఒకే దెబ్బకి జరిగిపోయేవి, ఎందుకంటే ఉన్నదాని మీదే మళ్ళీ రికార్డు అవుతుంది. అందుకే క్యాసెట్ వెనక అంచున చిన్న ప్లాస్టిక్ ముక్క ఉండేది, దాన్ని విరిచేస్తే ఇక దాని మీద ఏదీ ఎక్కదు. కానీ ఆ ఖాళీ మీద సెల్లో టేపు అంటిస్తే మళ్ళీ ఎక్కుతుంది. మా నాన్న షష్టిపూర్తి క్యాసెట్ ముక్క నేనే విరిచి బీరువాలో పెట్టాను. ఇంట్లో పిల్లలు తెలియక టేపు అంటించి దాని మీద టీవీలో వచ్చిన సినిమా రికార్డు చేశారు. నాన్న మాట్లాడిన వీడియో అదొక్కటే ఉండేది. కాబట్టి ‘తీసేశాను’ అని కనిపించగానే నీ గుండె ఎలా జారిపోయిందో నేను ఊహించగలను.

మాట సంగతికొస్తే, మా దగ్గరికి వచ్చేవాళ్ళు చాలామంది తీయడం అని కూడా అనేవాళ్ళు కాదు. ‘అమ్మాయి పెళ్ళికి వీడియో పెట్టించాలి’ అనేవాళ్ళు, మేళం పెట్టించినట్టే. ‘వాళ్ళ పెళ్ళికి వీడియో పెట్టారా?’ అని ఊళ్ళో గొప్పగా అడిగేవాళ్ళు. ఇప్పుడు వీడియో పెట్టడం అంటే స్టేటస్‌లో పెట్టడం అయిపోయింది. ‘షూట్’ అనే మాట ఈ పదేళ్ళలో వచ్చిన కుర్రకారుది, పెళ్ళికి ముందు తోటల్లో, కోటల్లో ముందుగా అనుకుని తీసేదానికి అది సరిపోతుంది. పీటల మీద జరిగే పెళ్ళిని మాత్రం నేను షూట్ చేశానని ఇంతవరకు అనలేదు, తీశాననే అంటాను.

బడిపంతులు

నేను ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. తల్లీ, మీ బావ రాసింది తప్పు కాదు, మీరు చదివింది కూడా తప్పు కాదు.

తీసేయు అంటే తీసి + వేయు. ఈ ‘వేయు’ క్రియ వెనక చేరితే పని పూర్తిగా, త్వరగా అయిపోయిందని చెబుతుంది: తినేశాను, రాసేశాను, చదివేశాను. ఆ లెక్కన ‘తీసేశాను’ అంటే తీయడం అయిపోయింది అని. కానీ తీసివేయు విడిగా ఒక మాటగా కూడా గట్టిపడిపోయింది. ఒకటో తరగతి పిల్లాడు కూడికల తర్వాత నేర్చుకునేది తీసివేతలే కదా. ఆ అర్థంలో తొలగించు అని. మొదటిది తీయు అనే క్రియకి తోక, రెండోది కొత్త క్రియ. రాతలో రెండూ ఒకేలా కనబడతాయి.

మరి ఎలా పోల్చుకోవాలి? ఒక ఆధారం ఉంది, అది ‘ని’. ఇంకా లేని వస్తువుని తయారు చేస్తున్నప్పుడు మనం సాధారణంగా ‘ని’ పెట్టం. ‘వీడియో తీశాను’ అంటాం గానీ ‘వీడియోని తీశాను’ అనం. ‘అన్నం వండాను’ అన్నట్టే. తొలగించాలంటే ఆ వీడియో ముందే ఉండాలి కాబట్టి అక్కడ ‘వీడియోని తీసేశాను’, ‘ఆ వీడియో తీసేశాను’ అని ‘ని’ గానీ, ‘ఆ’ గానీ వస్తుంది. మీ బావ మెసేజ్‌లో రెండూ లేవు. పైగా ‘మిగతావి’ అన్నాడు, మిగతావి అంటే మొదటివి ఉన్నట్టే కదా. టెన్షన్‌లో చదివినప్పుడు ఇవేవీ కంటికి ఆనవు, అది సహజమే.

ఈ క్రియ అంటే నాకు మొదటి నుంచీ ఇష్టం. తలుపు తీస్తాం, బ్యాంకులో డబ్బు తీస్తాం, కునుకు తీస్తాం, పరుగు తీస్తాం, గుంజీలు తీస్తాం, దిష్టి తీస్తాం, రాగం తీస్తాం. వీటిలో వీడియోకి దగ్గరివి ఏవంటే, పాలలోంచి వెన్న తీయడం, గానుగలో నూనె తీయడం, కాగితానికి నకలు తీయడం. ఉన్నదానిలోంచి దాని సారాన్నో రూపాన్నో బయటికి లాగడం. 1839లో ఫ్రాన్సులో ఫోటో తీసే పద్ధతిని లోకానికి ప్రకటించారు, ఆ వస్తువు మన దాకా వచ్చేసరికి దానికోసం కొత్త క్రియ వెతుక్కోవాల్సిన పని తెలుగువాడికి పడలేదు. ఫోటో తీశాడు, 1921లో రఘుపతి వెంకయ్య గారు, వారి అబ్బాయి ప్రకాశ్ మూకీ సినిమా తీశారు, ఎక్స్‌రే తీశారు, జిరాక్స్ తీశారు, స్కానింగ్ తీశారు, ఇప్పుడు మీ బావ ఫోన్‌తో వీడియో తీశాడు. అన్నిటికీ ఒకే మాట సరిపోయింది. సినిమాలో కూడా చూడండి, నటుడు సినిమా ‘చేస్తాడు’, దర్శకుడు, నిర్మాత ‘తీస్తారు’.

చివరి ప్రశ్నకి: ‘వీడియో తీసింది: బావ’ అని నిశ్చింతగా రాయండి. మగవాడికి ‘తీసింది’ ఏమిటని అనుమానపడొద్దు, ‘ఈ ఇల్లు కట్టింది మా తాత’ అన్నప్పటి వాక్యం అది. ‘పాడింది అమ్మమ్మ, తీసింది బావ’, రెండూ పక్కపక్కన ఎంత బాగున్నాయో చూడండి.

తెనాలి మనవరాలు

బాబాయి గారూ, మాట్లాడాను. కాస్త బెట్టు చేశాడు గానీ నవ్వాడు. మాస్టారూ, ‘ని’ సంగతి ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు. ఇంకో చిన్న సందేహం: ‘అమ్మమ్మ వీడియో తీశాడు’, ‘అమ్మమ్మని వీడియో తీశాడు’, ‘అమ్మమ్మకి వీడియో తీశాడు’, వీటిల్లో ఏది సరైనది? నేను మూడూ విన్నాను.

బడిపంతులు

మూడూ సరైనవే, కానీ మూడూ ఒకటి కాదు. ‘అమ్మమ్మని వీడియో తీశాడు’లో చూపంతా ఆమె మీదే ఉంది. ‘అమ్మమ్మ వీడియో’ అంటే ఆమె కనబడే వీడియో అని, ఆమె దగ్గరున్న వీడియో అని కూడా అనుకోవచ్చు. ‘అమ్మమ్మకి వీడియో తీసి పెట్టాడు’ అంటే ఆమె కోసం, అందులో ఆమె ఉండొచ్చు, పెరట్లో ఈనిన ఆవు ఉండొచ్చు. ఇంకా ‘అమ్మమ్మ వీడియో తీయించుకుంది’ అంటే ఆమే అడిగి తీయమందని. ‘వీడియో తీసుకున్నాను’ దగ్గర మాత్రం జాగ్రత్త, నా కోసం నేను రికార్డు చేసుకున్నాననీ, ఎవరో ఇస్తే అందుకున్నాననీ రెండర్థాలొస్తాయి.

పాలమూరు నుంచి

మా దిక్కు సంగతి కూడా చెప్తా. మేము ఫోటో ‘దిగుతం’, వీడియో తీస్తం. ఫోటో దిగుడు ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో అందరూ అంటున్నరు, పేపర్లల్ల కూడా ‘సెల్ఫీ దిగారు’ అనే వస్తది. కానీ మా ఊర్లల్ల ముసలోళ్ళు తీసెటోని వైపు నుంచి కూడా ‘ఫోటో దించు బిడ్డా’ అంటరు. దిగుడుకు జోడి దించుడు. హైదరాబాద్‌ల ఉర్దూ మాట్లాడెటోళ్ళు ‘తస్వీర్ ఉతార్నా’ అంటరు, ఉతార్నా అంటే దించుడే. పక్కపక్కన బతికిన భాషలు కాబట్టి ఇది అక్కడి నుంచి వచ్చిందని నా నమ్మకం. ‘ఫోటో ఖీంచ్నా’ అని కూడా అంటరు, అంటే గుంజుడు, మాస్టారు చెప్పిన తీయుడుకు అది దగ్గరుంది. పక్కన కన్నడంల కూడా ఫోటో ‘తెగె’ అంటరు, మా మక్తల్ దాటితే వినపడేది అదే, అది తీయుకు చుట్టమే.

ఇంకొకటి, అక్కకు పనికొస్తది. మేము ‘నేను వీడియో తీసిన’ అంటే అక్కడికి వాక్యం అయిపోయింది, తీశాను అని. కోస్తా దోస్తులు అది విని ఇంకా ఏదో చెప్తడని ఎదురుచూస్తరు, తీసిన ఏంటి? తీసిన వీడియోనా? అని. హాస్టల్‌ల ఉన్నప్పుడు దీని మీద చాలాసార్లు మాట పట్టింపు వచ్చింది. మా యాసను తప్పుగా రాసినట్టు దిద్దితే మాత్రం నాకు బాధయితది. మా నాయనమ్మ ఒగ్గు కథ వింటుంటే నేను తీసిన వీడియో ఒకటి ఉంది, కింద ‘తీసిన’ అనే రాసుకున్న.

కోర్టు దారి

ఆలస్యంగా చూశాను. ‘చిత్రీకరించు’ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. నేను ఒక చిన్న పట్టణంలో వకీలు దగ్గర పనిచేస్తాను, వచ్చినవాళ్ళు చెప్పింది విని అర్జీలు, వాంగ్మూలాల చిత్తుప్రతులు రాయడం నా పని.

చిత్రీకరించు మంచి మాటే. చిత్రం కానిదాన్ని చిత్రంగా చేయడం అని దాని పుట్టుక. సినిమా వార్తల్లో ‘పాట చిత్రీకరణ పూర్తయింది’ అంటే ఎవరికీ అనుమానం రాదు. కానీ దానికి ఇంకో అర్థం అంతకంటే బలంగా ఉంది. ‘నన్ను దొంగగా చిత్రీకరించారు’ అంటాం, లేనిది ఉన్నట్టు చూపించారని. ఒకసారి ఒకావిడ వచ్చి ‘స్నానం చేస్తుంటే కిటికీలోంచి నన్ను వీడియో తీశాడు’ అని చెప్పింది. అది రాసినతను గ్రాంథికంగా ఉండాలని ‘ఆమెను అసభ్యంగా చిత్రీకరించాడు’ అని రాశాడు. చదివినవాళ్ళకి అతను ఆమె గురించి చెడ్డగా ప్రచారం చేశాడేమో అనిపించింది. ఆమె చెప్పింది చాలా స్పష్టంగా ఉంది, రాసిన మాట దాన్ని మసకబార్చింది. ఇది చిన్న విషయం కాదు. ఒప్పుకోకుండా అలా తీయడం 2013లోనే శిక్షాస్మృతిలో విడిగా నేరంగా చేరింది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 77వ సెక్షన్. ఆమెకి జరిగింది అదీ అని మొదటి వాక్యంలోనే తెలియాలి. అప్పటి నుంచి నేను ‘ఫోన్‌తో వీడియో తీశాడు’ అనే రాస్తున్నాను, మనిషి ఏ మాట చెబితే ఆ మాట.

మా పనిలో ఇంకో తేడా రోజూ కనబడుతుంది. సీసీ కెమెరా వీడియో ‘తీసింది’ అని ఎవరూ అనరు. ‘కెమెరాలో రికార్డయింది’, ‘కెమెరాకి చిక్కింది’, ‘కెమెరాలో పడింది’ అంటారు, పేపరువాళ్ళయితే ‘నిక్షిప్తమైంది’ అంటారు. ‘సీసీ కెమెరా వీడియో తీయండి’ అని దుకాణంవాడితో అన్నామంటే అర్థం వేరే, అందులో ముందే ఉన్నదాన్ని వెతికి బయటికి తెచ్చి ఇవ్వమని. ఎందుకిలా అని ఆలోచిస్తే నాకు తోచింది ఇది: వీడియో తీయాలంటే ఒక మనిషి ఉండాలి, ఎటు చూడాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో అనుకునే మనిషి. గోడకి కొట్టిన కెమెరాకి అది లేదు, దాని ముందు జరిగింది అందులో పడుతుంది, అంతే. అందుకే సాక్ష్యం చెప్పేటప్పుడు కూడా ‘ఎవరు తీశారు?’ అనే ప్రశ్న వస్తుంది.

కాబట్టి అమ్మా, మీ అట్ట మీద ‘చిత్రీకరణ’ వద్దు, ‘రికార్డింగ్’ కూడా వద్దు. మీ బావ రాత్రిపూట పెద్దావిడ ముందు కూర్చుని, ఆమె ఆయాసం తీర్చుకునే దాకా ఆగి ఏడు పాటలు తీశాడు. తీసింది అనే రాయండి.

కెమెరా బాబాయి

కోర్టు దారి గారు చెప్పింది నిజం. ఇంకో మాట, ఇది మాట గురించి కాదు, పని గురించి. అమ్మమ్మ పాడుతున్నప్పుడు ఫోన్ అడ్డంగా పట్టుకోమను, ఫ్యాన్ ఆపమను, ఆ హోరు గొంతుని మింగేస్తుంది. దీపం గానీ కిటికీ గానీ ఆమె వెనక కాకుండా ముందుండాలి. పాట అయిపోగానే బటన్ నొక్కెయ్యొద్దను, పాట తర్వాత ఆమె ఏదో ఒకటి చెబుతుంది, ఇది ఎవరి పెళ్ళిలో పాడాను, ఎవరు నేర్పారు అని. ఆ మాటలు కూడా కావాలి మనకి. ఇంకా, తీసిన రోజే ఇంకో చోటికి కాపీ చేసి పెట్టుకోండి, రెండు చోట్ల ఉన్నాక గానీ ఫోన్‌లోంచి తొలగించొద్దు.

తెనాలి మనవరాలు

అందరికీ చేతులెత్తి దండం. పాలమూరు తమ్ముడూ, ‘తీసిన’ అనేది నాకు కొత్త, చాలా నచ్చింది, మీ నాయనమ్మ వీడియో జాగ్రత్తగా పెట్టుకో.

కోర్టు దారి గారు రాసింది అమ్మకి చదివి వినిపించాను. అమ్మ ఒక్క మాటంది: ‘మా చిన్నప్పుడు మా నాన్నని ఫోటో తీయడానికి తెనాలి నుంచి ఒకాయన వచ్చాడు, తీయించింది మీ అమ్మమ్మే.’ నాకు ఇన్నేళ్ళూ తెలియదు. గోడ మీదున్న తాతయ్య పటం అదేనట.

బాబాయి గారు చెప్పినవన్నీ బావకి పంపాను. ఆదివారం ఫ్యాన్ ఆపి, కిటికీ ఎదురుగా కుర్చీ వేయించి మళ్ళీ మొదలుపెట్టాడు. నేను అమ్మ ఫోన్‌లో వీడియో కాల్‌లో ఉన్నాను, అమ్మమ్మ మధ్యలో చరణం మర్చిపోతే అమ్మ అందించింది. అప్పగింతల పాట దగ్గర అందరం కాసేపు ఆగిపోయాం. రాత్రి పదింటికి బావ మెసేజ్: ‘ఇంకో తొమ్మిది పాటలు తీశా. తీసేయలేదు, అన్నీ ఉన్నాయి. పంపుతున్నా.’